అవతలి బావ

బస్తా వీపు మీదికి దిగగానే ఆరాలయ్య ముక్కు పనిలో పడింది. కాళ్లు వాటంతట అవే లారీ దిక్కుకు నడుస్తున్నాయి, ముక్కు మాత్రం గోనె పోగుల్లో ఆనవాలు వెతుకుతోంది. మిరియాలు కాదు. తోలు కాదు. ఎండిన నారింజ తొక్క వాసనలాంటిదేదో వస్తోంది. అద్దకం వాళ్లు వాడే సరుకై ఉంటుందని తనకు తానే తీర్పు చెప్పుకుని, బస్తాను లారీలో వేసి సరిహద్దు రేకుల సందు దగ్గరికి తిరిగి వచ్చాడు.

అసలు పేరు ఇంట్లోవాళ్లే మరిచిపోయారు. ఏ బస్తాలో ఏముంది, అది ఏ ఊరు పోతుంది, ఎవరు వాడతారు అని ఆరా తీయనిదే అడుగు పడదు కాబట్టి హమాలీలందరికీ అతను ఆరాలయ్య. పొట్టి మెడ, రాళ్లలాంటి పిక్కలు, ఎడమదానికన్నా కిందికి దిగిన కుడి భుజం. చెప్పుకోవడానికి అంతకుమించి ఏమీ లేదు. నోట్లో నువ్వుగింజ నానదు, అది వేరే సంగతి.

సరిహద్దు పొడవునా ఎత్తయిన రేకుల అడ్డం ఉంది. అటు పొరుగు దేశం, ఇటు మనది. అటు లారీ ఇటు రాకూడదు, ఇటు లారీ అటు పోకూడదు. అందుకని రేకుల మధ్య మనిషి పట్టేంత సందు వదిలారు. ఇటు హమాలీ ఆ సందులో వీపు అటు తిప్పి వంగి నిలబడతాడు. అటు హమాలీ బస్తాతో వచ్చి, తనూ వెనక్కి తిరిగి, నడుముకు నడుము ఆనించి పైకి లేస్తాడు. బస్తా ఇతని మూపు మీదికి జారుతుంది. రెండు దేశాలకూ పడని రోజుల్లో, హమాలీలు ఎదురెదురు పడితే మాటలు కలుస్తాయని పెద్ద అధికారులు పెట్టిన పద్ధతి అది. గొడవలు ఎప్పుడో సద్దుమణిగాయి. పద్ధతిని తీసేయాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఆ విధంగా ఇన్నేళ్లుగా ఒకే మనిషి ఆరాలయ్యకు బస్తాలు అందిస్తున్నాడు. ఆరాలయ్య అతనికి బావ అని వరస కూడా కలిపేశాడు. మొహం మాత్రం చూసి ఎరగడు. వంగినప్పుడు కాళ్ల మధ్యనుంచి బావ మడమలు కనిపిస్తాయి, చలికాలంలో పగులుతాయి. పొద్దున పూట దగ్గుతాడు. గాజు సామాను వస్తే మోచేత్తో రెండుసార్లు పొడుస్తాడు, జాగ్రత్త అని. కూతురు పుట్టిన రోజున ఆరాలయ్య పట్టలేక మోచేత్తో ఎడాపెడా పొడిచాడు. బావ కూడా అలాగే పొడిచాడు. అతనికి ఏం అర్థమైందో ఆ దేవుడికే తెలియాలి.

ఇవాళ్టితో ఆ పని సరి. ఇరుగు పొరుగు దేశాలన్నీ కూర్చుని వర్తకం పెంచుకుందామని ఒప్పందం రాసుకున్నాయి. రేపటినుంచి లారీలు నేరుగా వెళ్తాయి. సాయంత్రం రేకులు విప్పి, రెండు వైపుల హమాలీలనూ కాసేపు కలవనిస్తామన్నారు. అందుకే ఆరాలయ్య తెల్లారకముందే లేచి గడ్డం గీసుకున్నాడు.

"నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంత ముస్తాబు కాలేదు నువ్వు," అంది భార్య.

"బావ మొహం చూడాలే."

"చూసి ఏం చేస్తావ్?"

"ఏం చేస్తానేంటి. చూస్తా."

మధ్యాహ్నం టీ తాగి వచ్చి సందులో వంగాడు. బస్తా దిగింది. దానితోపాటు ఎవరిదో నడుము ఎముక వచ్చి వెన్నులో రాయిలా తగిలింది. ప్రాణం జివ్వుమంది. కాళ్ల మధ్యనుంచి చూస్తే మడమలు వేరు. బావ భోజనానికి వెళ్లాడేమో అనుకున్నాడు. ఆ తర్వాత బస్తాకూ ఆ మడమలే. ఆ తర్వాతా అవే. ఆరాలయ్య ముక్కు పని మానేసింది. ఏ బస్తాలో ఏముందో అతనికి పట్టలేదు.

సాయంత్రం రేకులు విప్పారు. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు తోసుకొచ్చారు, కావలించుకున్నారు, బీడీలు పంచుకున్నారు. ఆరాలయ్య మధ్యలో నిలబడిపోయాడు. అన్నీ మొహాలే. మొహాలతో అతనికేం పని? ఒకణ్ణి భుజం పట్టి అటు తిప్పాడు, తన నడుము ఆనించి చూశాడు. కాదు. ఇంకొకణ్ణి తిప్పాడు. కాదు. కాపలా జవాను పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంటయ్యా, మనుషుల్ని దోసెల్లా తిప్పుతున్నావ్?"

"మా బావ కోసం. ఇవాళ దొరక్కపోతే రేపు వెళ్లి వెతుక్కుంటా."

"రేపెక్కడ వెళ్తావ్? ఒప్పందం సరుక్కే. మనుషులకింకా కాలేదు."

ఆరాలయ్య ఇంకా తొందరపడ్డాడు. చివరి వీపు కూడా అయిపోయాక అవతలి మేస్త్రి అతని దగ్గరికొచ్చాడు. ముసలివాడు, మన భాష ముక్కలు ముక్కలుగా వచ్చు.

"వీపులు చూసేది నువ్వేనా? నీ మనిషి వెళ్లిపోయాడు. రేవులో కొత్త గిడ్డంగి కట్టారు కదా, అక్కడ పని ఇచ్చారు. మధ్యాహ్నమే బండి వచ్చింది. ఎక్కకపోతే పని పోతుంది. సాయంత్రం దాకా ఆపమని బతిమాలాడు. ఆపలేదు."

"నా గురించి ఏమైనా అన్నాడా?"

"నీ పేరు వాడికి తెలీదు కదా. ఇటువైపు వాడికి ఇది ఇమ్మన్నాడు. ఎవరికిరా అంటే, ఎవడి నడుముకి సరిపోతే వాడికే అన్నాడు."

మేస్త్రి చేతిలో పెట్టింది బస్తా మోసేటప్పుడు తల మీదినుంచి నడుము దాకా వేసుకునే గోనెపట్టా. ఆరాలయ్య దాన్ని తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు.  అంచుదాకా చేత్తో తడిమాడు.

బావ ఒంటికి తగిలే వైపు అది ఉత్త గోనె. బయటి వైపు, నడుము దగ్గర, దూది కూరి దట్టంగా కుట్టి ఉంది. ఆ దూది మీద ఆరాలయ్య వెన్నెముక ఆనినంత మేరా గాడి పడి ఉంది.