వీరపతకం వెంట వచ్చిన షరతు

నేను ఒక సేనా పతకాన్ని. పిడికిట్లో ఇమిడిపోయేంత వెండి బిళ్ళ, పైన ఎర్రటి రిబ్బను, దాని నడుమ సన్నటి తెల్ల గీత. టంకశాలలో నాతోపాటు అచ్చుపడినవి చాలానే ఉన్నాయి. అక్కడ మేమంతా ఒకటే. ఎవరు ఛాతీకి ఎక్కుతారో, ఎవరు గోడకు ఎక్కుతారో అప్పటికి మాకు తెలియదు. నా మీద నాయక్ చెన్నకేశవులు అని హోదాతో సహా పేరు చెక్కేసరికి ఆ మనిషి లోకంలో లేడు.

అతణ్ణి నేను చూడలేదు. తెలిసిందల్లా సభలో మైకులో చదివినదే. మంచుకొండ మీద కాల్పులు జరుగుతుంటే గాయపడిన ఇద్దరిని ఒకరి తర్వాత ఒకరిని భుజాన వేసుకుని కిందికి చేర్చాడు. మూడోవాడి కోసం మళ్ళీ ఎక్కాడు. తిరిగి రాలేదు. చదివిన అధికారి గొంతు ఖంగున మోగింది. వింటున్న అతని భార్య సుభాషిణికి హిందీ రాదు. భర్త పేరు వినబడ్డప్పుడల్లా తలెత్తి చూసింది, అంతే. తర్వాత ఆమెను పిలిచి నన్ను చేతికిచ్చారు. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండని పిల్ల, బిడ్డలు లేరు. పక్కనున్న అత్త గురవమ్మ నన్ను అందుకుని కొంగుతో తుడిచింది. నా మీద దుమ్మేమీ లేదు.

అలా గిద్దలూరు దగ్గర ఒక పల్లెకు చేరాను. మామ ఓబులేసు గాజు చట్రం చేయించి, కొడుకు ఫోటో కింద మేకు కొట్టి నన్ను తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్ళు, తర్వాత నా దర్శనం. "మా పెద్దోడిది" అనేవాడు. చూసినవాళ్ళు కాసేపు గంభీరంగా నిలబడి, అచ్చం వెండేనా అని అడిగేవాళ్ళు. ఆ ప్రశ్నకు ఆయన ఏనాడూ కోప్పడలేదు. "అచ్చం వెండే" అని గర్వంగానే చెప్పేవాడు.

నా వెంట ఆ ఇంటికి మరి రెండు వచ్చాయి. ఒకటి, నెలనెలా సుభాషిణి ఖాతాలో పడే భత్యం. పింఛను సంగతి వేరు, దాని నియమాలు దానివి. ఇది నన్ను బట్టి వచ్చేది. రెండోది ఆ భత్యానికి తగిలించిన షరతు. సుభాషిణి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే భత్యం ఆగిపోతుంది. చనిపోయిన భర్త తమ్ముణ్ణి చేసుకుంటే మాత్రం ఆగదు. ఎప్పుడో ఎవరో పెద్దలు కూర్చుని మేలు తలచే రాసి ఉంటారు. పాపం, వాళ్ళకు తిరుపాలు తెలియడు.

తిరుపాలు అంటే చెన్నకేశవులు తమ్ముడు. వదిన కాపురానికి వచ్చిన రోజున అతను తొమ్మిదో తరగతి. ఇప్పుడు ట్రాక్టరు తోలుతున్నాడు. ఒకరోజు అన్నాల దగ్గర ఓబులేసు ఆ మాట ఎత్తాడు.

"ఒరే, వదినను నువ్వే చేసుకోవాల. పరాయింటికి పోనీగూడదు."

తిరుపాలు చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేశాడు. "నాయనా, నాకు జరమొస్తే నోట్లో గంజి పోసిన మనిషి. అమ్మ మాదిరి. ఆ మెడలో నేనెట్ట కడతా తాళి?"

"లోకంలో ఎవురూ చేసుకోలేదా?"

"చేసుకున్నోళ్ళు చేసుకున్నారు. నా వల్ల గాదు." చెయ్యి కడుక్కుని ట్రాక్టరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

సుభాషిణి వంటింటి గుమ్మంలోనే ఉంది. నీకిష్టమేనా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కంచాలు తీసి తోమడానికి పట్టుకుపోయింది.

ఆమె అప్పటికే ఊళ్ళో అంగన్‌వాడీలో పనిచేస్తోంది. ఒక ఏడాది గాలివానకు అక్కడి కరెంటు తీగ తెగిపడితే లైన్‌మన్ వెలుగొండయ్య వచ్చాడు. అతని భార్య పోయి చాలా కాలమైంది. తీగ సరిచేశాక పిల్లలు అతని చుట్టూ చేరి స్తంభం మీద నుంచి ఏమేం కనబడతాయని అడిగితే, ఒక్కొక్కరి ఇల్లూ చెప్పి, వాళ్ళ ఇంటి మీద ఏం ఎండబెట్టారో కూడా చెప్పాడట. ఆ సంగతి గురవమ్మకు చెబుతూ సుభాషిణి నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు నేను వినడం అదే మొదలు. గురవమ్మ చేటలో బియ్యం ఏరడం ఆపి కోడలి ముఖంలోకి చూసింది.

కొన్నాళ్ళకు వెలుగొండయ్య దొంగచాటు వ్యవహారమేమీ లేకుండా నేరుగా ఇంటికే వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఫోటోకు దండం పెట్టి, ఓబులేసు ఎదుట నిలబడ్డాడు.

"పెద్దాయనా, సుభాషిణిని నాకిచ్చి చెయ్యండి."

"పతకం లెక్క ఆగిపోతాది" అన్నాడు ఓబులేసు. ఆ వైపు మనుషులు డబ్బును లెక్క అంటారు.

"ఆగితే ఆగనీ. నాకు జీతం ఉండాది."

సుభాషిణి బయటికి వచ్చింది. "నీకు ఉండాది. వీళ్ళకు? అత్తమ్మ మందులు దాంతోనే వస్తాండాయి. నువ్వు పో వెలుగొండయ్యా. నేనెవురినీ చేసుకోను."

అతను మళ్ళీ దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు నాకు సిగ్గేసింది. తూటాలకు ఎదురెళ్ళినవాడి పేరు మోస్తూ, ఒక ఆడపిల్ల గడప దాటకుండా అడ్డం నిలబడ్డాను. నన్ను ఇచ్చినవాళ్ళకు ఆ ఉద్దేశం లేదు. తగిలించుకున్నవాళ్ళకూ లేదు. అయినా పని జరిగిపోయింది. తర్వాత ఏళ్ళపాటు వెలుగొండయ్య ఆ వీధికి పనిమీద వచ్చేవాడు, తల ఎత్తకుండా పని చూసుకుని పోయేవాడు. అతని సైకిలు చప్పుడు వినబడితే సుభాషిణి పెరట్లోకి వెళ్ళేది.

మాజీ సైనికుల పనులు చూసిపెట్టే సుబేదారు మస్తాన్‌సాబు ఒక పొద్దున స్కూటరు మీద వచ్చాడు. టీ గ్లాసు అందుకుని, తాగకుండానే చెప్పాడు.

"ఓబులేసన్నా, ఆ మరిది షరతు ఎత్తేసినారు. మీ కోడలు ఎవురిని చేసుకున్నా పతకం భత్యం ఆగదు. ఢిల్లీ నుంచి ఉత్తర్వు వచ్చినాది."

తిరుపాలు గుమ్మంలోనే కూలబడి నవ్వాడు. సుభాషిణి గోడకు చేయి ఆనించి అలాగే నిలబడింది. ఓబులేసు ముఖం మాత్రం తేలికపడలేదు. సుబేదారు వెళ్ళాక చాలాసేపు నా ముందే కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ భత్యం పోతుందని కోడల్ని ఆపాననుకున్నాడు. ఇప్పుడు భత్యం పోవడం లేదు, అయినా గుండె ఒప్పుకోవడం లేదు.

"అట్టయితే ఆ పిల్ల పోతాది" అన్నాడు భార్యతో.

"పోనీ" అంది గురవమ్మ. "ఈడనే ఉంటే మాత్రం కేశవులు తిరిగొస్తాడా?"

ఓబులేసు భుజం మీది తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. గురవమ్మ ఓదార్చలేదు. పక్కన వచ్చి కూర్చుంది. సాయంత్రం ఆయనే చెప్పులేసుకుని వెలుగొండయ్యను వెతుక్కుంటూ సబ్‌స్టేషన్ దాకా నడిచాడు.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. బయలుదేరే ముందు ఓబులేసు నన్ను చట్రంలోంచి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. సాక్షి సంతకం దగ్గర రిజిస్ట్రారు తలెత్తి అడిగాడు.

"పెద్దాయనా, అమ్మాయికి నువ్వేమవుతావు?"

"మామను."

"అంటే పెళ్ళికొడుకు నాయనవా?"

"కాదు సార్. ముందు పెళ్ళికొడుకు నాయనను."

రిజిస్ట్రారు లేచి, తన కుర్చీ ఇటు జరిపి, కూర్చుని సంతకం పెట్టమన్నాడు.

బయటికి వచ్చాక ఓబులేసు నన్ను తీసి సుభాషిణి ముందు చెయ్యి చాపాడు. "నీ చేతికిచ్చినారు, నీదే."

ఆమె ఆ చేతిని మూసేసింది. "మన ఇంట్లోనే ఉండనీ మామా. నేనొచ్చి చూసుకుంటా ఉంటా. అత్తమ్మ మందులు ఎప్పటి మాదిరే."

ఓబులేసు తల ఊపి, నన్ను జేబులో వేసుకుని, వెలుగొండయ్య వైపు తిరిగాడు. ఏదో ఆశీర్వచనం చెబుతాడని అందరూ చూశారు.

"అబ్బయ్యా, లైను ఆపినారో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకోని ఎక్కు స్తంభం. ఈ పిల్లకు ఇంకో పతకం వద్దు."

పతకాన్నే అయినా, నేనూ అదే కోరుకున్నాను.