సగం గడ్డం, నిండు ఓటు

ఆ వార్డులో ఎవరు గెలిచినా కత్తెర మామ గెలిపించినట్టే. ఈ మాట రాసి పెట్టుకోండి. సందు మొదట్లో ఉన్న అతని సెలూనే ఆ వార్డుకు శాసనసభ. కుర్చీలో కూర్చున్నది ఎంతటివాడైనా మామ చెయ్యి పడగానే తల వంచాల్సిందే. "మన ముందు తల వంచని మొనగాడెవడు?" అని మామ మీసం దువ్వేవాడు. ఎవరికి ఓటెయ్యాలో గడ్డం గీసినంత సేపూ బోధించేవాడు.

ఇంత చెప్పి ఇంకొక్క ముక్క దాచడం పాపం. మామకు అసలు ఓటే లేదు. పాత పేట నుంచి ఇక్కడికి మారినప్పుడు అక్కడ పేరు తీసేశారు. ఇక్కడ చేర్చమని ఇతను అడిగిన పాపాన పోలేదు. కాబట్టి రాసిపెట్టుకున్నది కొట్టేయండి.

సెలూన్ ముందే మురుగుకాలువ. గట్టి వాన పడితే ఆ నీళ్లు సెలూన్ దాటి, మామ కుటుంబం కాపురముండే వెనక గదిలోకి, మంచం కిందికి చేరేవి. ఆ మంచం మీద పడుకునే మనవరాలికి పోయిన వానల్లో జ్వరం తగిలి, ఆసుపత్రి దాకా వెళ్లింది. మళ్లీ వానలు దగ్గర పడుతున్నాయి.

"కౌన్సిలరుకు గట్టిగా చెప్పవయ్యా!" అని భార్య పోరు పెట్టింది.

"చెప్పానే! జుట్టు కత్తిరిస్తూ చెప్పా. తల వంచుకుని విన్నాడు."

"వంచకపోతే చెవి తెగుతుందని వంచాడు!"

ఒక మధ్యాహ్నం జల్లు పడి వెలిసింది. ఆమె చీపురుతో గుమ్మంలోని మురుగు నీళ్లు బయటికి నెడుతోంది. కుర్చీలో బడి మాస్టారు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా నురగ.

"ఓటు నమోదుకు ఇవాళే ఆఖరు. అయిదింటికి మూసేస్తారు. నీ పేరు చేర్పించావా, మామా?"

"నా ఒక్క ఓటు ఏ మూలకు, మాస్టారూ? నా మాట మీద బోలెడు ఓట్లు పడతాయి."

"వాళ్ల వాళ్ల కాలువలు వాళ్లకున్నాయయ్యా. నీ కాలువ కోసం వాళ్లెందుకు వేస్తారు?"

మామ చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది. గుమ్మంలో చీపురు దబ్బున పడింది.

"నేను పోతున్నా. నువ్వు ఊరందరికీ ఓట్లు పంచుకో!" అని, పెట్టెలోంచి గుర్తింపు కార్డు, అద్దె కాగితం తీసుకుని ఆమె విసవిసా నడిచింది. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆమె మాట ఇంత లోతుగా ఎన్నడూ దిగలేదు.

"ఒక్క క్షణం కూర్చోండి, మాస్టారూ, ఇప్పుడే వస్తా."

"సగం గడ్డంతో ఎవరి కోసం కూర్చోను? పద!"

నురగ ముఖంతో మాస్టారు, జేబులో కత్తెర, చేతిలో కార్డుతో మామ వీధిన పడ్డారు.

"ఎవరితో గొడవ, మామా?" అని టైలరు కేకేశాడు.

"నాతోనే! నీ పేరుందా జాబితాలో?"

టైలరు గల్లాపెట్టెలోంచి కార్డు అందుకుని, మెడలో టేపుతోనే వెంటబడ్డాడు. సైకిళ్లు బాగుచేసే అన్న మసి చేతులు తుడుచుకుంటూ కలిశాడు. ఇంతమందిమి ఓటు లేకుండానే ఇన్నాళ్లూ లోకాన్ని తిట్టామా అని దారి పొడవునా ఒకరినొకరు దెప్పుకున్నారు.

నమోదు ఆఫీసులో గుమాస్తా కిటికీ మూయబోతున్నాడు. మామ భార్య కిటికీలో మోచెయ్యి ఆనించి నిలబడింది. "గంట ఇంకా కొట్టలేదు బాబూ. మావాళ్లొస్తున్నారు." గుమాస్తా మాస్టారి ముఖం చూసి పకపకా నవ్వి, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. అందరి దరఖాస్తులూ తీసుకున్నాడు. మొదటి రసీదు ఆమెదే.

వీళ్ల పేర్లన్నీ జాబితాకెక్కిన తర్వాత కౌన్సిలరు క్షవరానికి వచ్చాడు. కుర్చీ ఎక్కకముందే, తల నిటారుగా ఉండగానే, "మామా, కాలువ కొలతలు రేపు తీయించమంటావా?" అని అడిగాడు.

"రేపెందుకండీ? ముందు కొలిపించండి, తర్వాత కూర్చోండి," అంది లోపలి నుంచి ఆమె.

పాఠకులారా, ఎదుటివాడు తల వంచినంత మాత్రాన మన మాట విన్నట్టు కాదు. పేరు జాబితాకెక్కితేనే మన మాటకు బరువు. ఇందులో మాస్టారి నురగ మాత్రం నా కల్పన. ఆయన పూర్తిగా గీయించుకునే బయలుదేరారు. గడువు మాత్రం నేను కల్పించింది కాదు. అది ఎవరి గడ్డం కోసమూ ఆగదు.