ఎర్సీలియా తొక్కిపెట్టిన గొంతు

ఇటలీలోని లూగో ఊళ్లో ఎర్సీలియాకు ఎదురు చెప్పి నెగ్గినవాళ్లు లేరు. ముప్పై ఏళ్లు ఒపేరా బృందగానంలో రెండో వరసలో నిలబడి పాడిన మనిషి. అక్కడి నుంచే సంగీతం నడిపించే పెద్దమనుషులకు తప్పులు పట్టేది. రిటైరయ్యాక ఇంట్లో పియానో ముందు కూర్చుని పాఠాలు మొదలుపెట్టింది. శిష్యులు వచ్చేవారు, తిట్లు తినేవారు, పారిపోయేవారు. పారిపోనివాడు నెవియో ఒక్కడే.

వాడు పెంకుల బట్టీలో పనిచేసేవాళ్ల కొడుకు. పందొమ్మిదో ఏట వచ్చాడు. మొదటి ఏడాదంతా పాటే లేదు. నేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, కడుపు మీద లావుపాటి నిఘంటువు పెట్టి ఊపిరి తీయమనేది. పుస్తకం లేవాలి, భుజాలు కదలకూడదు. మూడో ఏడు ఒక చిన్న పాట ఇచ్చి, నాలుగు మాటలు పాడాడో లేదో ఆపేసింది. అలా ఏడేళ్లు సాగింది. పిల్లల్లేని ఇల్లు కదా, మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే పెట్టేది. తిట్టిన నోటితోనే ఇంకో ముద్ద తినరా అనేది.

వాణ్ణి బారిటోన్‌గా తయారుచేసింది. ఒపేరాలో ప్రేమించేవాడు టెనర్, తారస్థాయిలో పాడతాడు. ఆ ప్రేమకు అడ్డుపడే తండ్రో, రాజో, పగవాడో బారిటోన్, కాస్త కింది స్థాయిలో. ఎర్సీలియా భర్త ఒరెస్తె పేరున్న బారిటోన్. స్టేజీ మీద ఎందరో టెనర్లను పొడిచి చంపి, ఇంటికొచ్చి బుద్ధిగా సూపు తాగి పడుకునేవాడు పాపం. ఆయన పోయిన పద్నాలుగు నెలలకు నెవియో వచ్చాడు.

టెనర్లకు పాఠాలు చెప్పే దిర్చే అదే ఊళ్లో ఉంది. నెవియో మొదటి కచేరీ విన్న మర్నాడు చేపల కొట్టు ముందు, నలుగురూ వింటుండగా అనేసింది: "ఏమే ఎర్సీలియా, ఆ అబ్బాయి టెనర్ కదే! చెవులెక్కడ పెట్టావ్?" అంతే, ఆ రోజుతో మాటలు బంద్. మూడేళ్లుగా చర్చిలో పక్కవాళ్లతో చేయి కలిపే వేళ కూడా ఎర్సీలియా మొహం అటు తిప్పుకునేది.

నెవియో గ్రాత్స్‌లో పాడాడు, లియోన్‌లో పాడాడు, లిస్బన్‌లో పాడాడు. అన్నిచోట్లా ఒకటే మాట రాశారు: పై స్వరాలు బంగారం, కింది స్వరాలు వినబడలేదు. ప్రదర్శన అయితే చాలు, రెండ్రోజులు గొంతు పెగిలేది కాదు. అయినా ఆ ఆగస్టులో హాంబర్గ్ నుంచి కాగితం వచ్చింది. ఐదేళ్ల ఒప్పందం, అన్నీ బరువైన బారిటోన్ పాత్రలు. సోమవారంలోగా సంతకం పెట్టి పంపాలి.

ఆ శనివారం పెరట్లో టొమాటోలు ఉడుకుతున్నాయి, ఏడాదికి సరిపడా సీసాల్లోకి ఎత్తాలి. ఎర్సీలియా తులసిరెబ్బల కోసం లోపలికెళ్లింది. నెవియో టొమాటోలు పిండే మర తిప్పుతూ, ఏదో వీధిపాట ధ్యాసలేకుండా అందుకున్నాడు. పాట పైకి పోయింది, వాడూ పోయాడు. గొంతు ఎక్కడా పట్టలేదు, గీరలేదు. మామూలుగా అయితే ఆవిడ పియానో మూత టపీమని కొట్టి "దిగు!" అని అరిచేది. ఆ రోజు తలుపు చాటున నిలబడి చివరిదాకా విన్నది. హాంబర్గ్‌లో ఈ గొంతు మూడేళ్లు కూడా బతకదని ఆవిడకి తెలుసు. తులసిరెబ్బలు పట్టుకుని పెరట్లోకి వచ్చింది.

"మళ్లీ పైకి పోయాను కదూ? తిట్టండి, తిట్టండి," అన్నాడు నెవియో నవ్వుతూ.

"సంతకం పెట్టావా?"

"రేపు పెడతా. ఏంటా మొహం? హాంబర్గ్ టీచరమ్మా, హాంబర్గ్!"

"పెట్టకు. నువ్వు బారిటోన్‌వి కాదురా. మొదటి రోజే తెలుసు నాకు."

"టొమాటో ఆవిరి తలకెక్కిందా ఏంటి?"

"గుమ్మంలో నిలబడి నమస్కారం అన్నావు చూడు, అచ్చం మా ఆయన మాట్లాడినట్టే ఉంది. ఆ గొంతు ఇంట్లో ఉంచుకోవాలనిపించింది. పాడితే పైకి పోతున్నావు, నేను కిందికి తొక్కాను. ఏడేళ్లు తొక్కాను. దిర్చే నిజమే చెప్పింది. హాంబర్గ్ వెళ్లావంటే గొంతు పోతుంది."

నెవియో మర వదిలేశాడు. "నా ఏడేళ్లు!" అన్నాడు. "లియోన్ హోటల్లో మంచం మీద కూర్చుని నా గొంతే పనికిరాదనుకుని ఏడ్చాను. తెలుసా మీకు?"

ఆవిడ క్షమించమనలేదు. ఆ మాట అడిగే మొహం తనకు లేదనుకుంది. వాడు గేటు విసిరికొట్టి వెళ్లిపోయాడు. గిన్నె అడుగంటింది.

మర్నాడు పొద్దున్నే వచ్చాడు, కళ్లు వాచి ఉన్నాయి. "నాకు కోపం తగ్గలేదు. అయితే మళ్లీ నేర్పండి, మొదటి నుంచి."

"కోపం తగ్గక్కర్లేదు. టెనర్‌కి నేర్పడం నాకు రాదు. నడు." టోపీ పెట్టుకుని వాడి జబ్బ పట్టుకుని నేరుగా దిర్చే ఇంటికి తీసుకెళ్లింది.

దిర్చే సగం దువ్విన జుట్టుతో తలుపు తీసి కంగారుపడింది. "ఎవరు పోయారే?"

"ఎవరూ పోలేదు. నువ్వన్నదే నిజం. వీణ్ణి తీసుకో."

"ఏదీ, మళ్లీ చెప్పు."

"నువ్వన్నదే నిజం."

"కాస్త గట్టిగా."

"అతి చెయ్యకు దిర్చే!"

దిర్చే వాణ్ణి పియానో పక్కన నిలబెట్టి పావుగంట పరీక్షించింది. "రెండేళ్లు స్టేజీ ఎక్కడానికి లేదు. హాంబర్గ్ లేదు, గింబర్గ్ లేదు. ఇష్టమేనా?" నెవియో అలవాటు కొద్దీ ఎర్సీలియా వైపు చూశాడు. ఆవిడ తలూపింది. "ఇష్టమే," అన్నాడు.

పాడాడు. స్వరం మెట్టు మెట్టు ఎక్కుతుంటే, ఎర్సీలియా దేన్నీ కొట్టకుండా చేతులు రెండూ ఒళ్లో బిగించి పట్టుకుంది. గొంతు పైకి, ఇంకా పైకి వెళ్లి హాయిగా నిలిచింది. అందులో ఒరెస్తె ఎక్కడా లేడు. ఆయన పోయిన ఎనిమిదేళ్లకు, దిర్చే ఇంటి కుర్చీలో, ఆవిడ మొదటిసారి విధవ అయింది.

"ఎలా ఉంది టీచరమ్మా?" అన్నాడు నెవియో.

"ఇకనుంచి టీచరమ్మ ఆవిడరా, నేను కాదు."

"ఆవిడ మేడమ్. టీచరమ్మ మీరే. చెప్పండి, ఎలా ఉంది?"

"ఇన్నేళ్లూ నీ గొంతు నేను విననే లేదురా," అని ఎర్సీలియా భోరున ఏడ్చింది. దిర్చే లేచి వెళ్లి తన రుమాలు ఇచ్చింది.