కొట్టం ముందు మూడు కుర్చీలు

మా ఇంట్లో ఏమీ తెలియని మనిషిని నేనొక్కదాన్నే. మేడ మీద గదుల్లో అద్దెకుండి మా దగ్గరే భోంచేసే ముగ్గురికీ అన్నీ తెలుసు. రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన గార్డు గారికి లోకంలో ఏ పని ఎక్కడ ఎందుకు చెడుతుందో తెలుసు. బీమా ఏజెంటు గారికి ఎవరు దేనివల్ల పోతారో తెలుసు. కుట్టుపని నేర్పే టీచరమ్మకు ఆ ఇద్దరికీ ఏం తెలియదో తెలుసు. వాళ్లకు కూర వడ్డిస్తూ, అందులో ఉప్పు ఎప్పుడు వేయాల్సిందో రోజూ వాళ్ల నోటే వింటూ రోజులు నెట్టుకొస్తున్నాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఆయనకు కోపం తెలియదు గానీ నోరు ఆగదు. ఆయన గుర్రపు బండి తోలుతారు, మార్కెట్టు నుంచి దుకాణాలకు బస్తాలు చేరవేస్తారు. పొద్దున బండి కట్టింది మొదలు సాయంత్రం విప్పేదాకా గుర్రంతో ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు. దాన్ని ‘అల్లుడు గారు’ అంటారు. “మనకు కూతురే లేదు కదండీ, అల్లుడెక్కణ్ణించి ఊడిపడ్డాడు?” అని నేనడిగితే, “ఎంత పెట్టినా మర్యాద తక్కువైందన్నట్టు మొహం పెట్టేవాణ్ణి ఇంకేమంటారే?” అంటారు.

ఆ రోజు మార్కెట్టు మలుపులో లారీ ఒకటి వెనక్కి వస్తూ బండిని కొట్టింది. బండి ఒరిగిపోయింది. మా ఆయన బస్తాల కింద పడ్డారు, తొడ ఎముక విరిగింది. గుర్రం ముందుకాలు బండి కర్రకింద ఇరుక్కుంది. ఆయన్ను ఆసుపత్రికి, గుర్రాన్ని ఇంటికి చేర్చారు.

పశువుల డాక్టరు వచ్చి కాలంతా తడిమి చూశారు. “ఎముకకేం కాలేదమ్మా. మోకాలి కింద వెనకవైపు నరం సగం చిట్లింది. అతుక్కుంటుంది. కానీ ఇది కుదురుగా నిలబడాలి. గింజుకున్నా, కాలితో తన్నుకున్నా మిగతా సగమూ తెగుతుంది. తెగిందంటే ఇక నేనొచ్చి ఇవ్వగలిగింది ఒక్క ఇంజెక్షనే” అన్నారు. అది దేనికిచ్చే ఇంజెక్షనో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆసుపత్రిలో మా ఆయన కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టారు. నన్ను చూడగానే, “అల్లుడెలా ఉన్నాడు?” అన్నారు. నాకు ఒళ్లు మండింది. “బాగానే ఉన్నాడు. మీ సంగతి చూసుకోండి ముందు” అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. “నేను వచ్చేసరికి అది ఉండాలే. ఏం చేస్తావో నాకు తెలీదు” అన్నారు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను ఇంత గట్టిగా ఏదీ అడగలేదు.

ఇంటికొచ్చి గుర్రం కాలి కట్టు మీద చన్నీళ్లు పోస్తుంటే గార్డు గారు వచ్చి వెనక నిలబడ్డారు.

“చన్నీళ్లు కాదమ్మాయ్, వేణ్ణీళ్లు. నా సర్వీసులో ఇలాంటి కాళ్లు ఎన్ని చూశానో!”

“రైల్లో గుర్రాలెక్కడివండీ?” ఏజెంటు గారు కిటికీలోంచి అందుకున్నారు. “వేడి తగిల్తే వాపు పెరుగుద్ది. మా క్లయింటు ఒకాయనకి ఇలాగే కాలు వాచి...”

“పోయాడా?” అంది టీచరమ్మ మెట్లు దిగుతూ. “ముందు ఆ కట్టు చూడండి. పట్టీ అంచు మడత పడకుండా రావాలి. గోనెసంచి మూతి కట్టినట్టు కట్టిందీవిడ.”

మర్నాటికి ముగ్గురూ కొట్టం ముందు కుర్చీలు వేసుకున్నారు. సాయంత్రం కాఫీ కూడా అక్కడికే తెమ్మన్నారు. నేను గడ్డి వేస్తే ఎక్కువైందని ఒకరు, తీస్తే తక్కువైందని ఒకరు. పేడ ఎత్తడానికి కూడా ఒక పద్ధతుందని గార్డు గారు చెప్పినప్పుడు పార ఆయన చేతికిచ్చాను. నడుం నొప్పి అంటూ మళ్లీ నాకే ఇచ్చేశారు. చెవిలో జోరీగ ఒక్కటైతే దులిపేసుకోవచ్చు. మూడింటితో ఏం చేయను?

వారం తర్వాత డాక్టరు మళ్లీ వచ్చి వాపు తగ్గిందన్నారు. ఆ మంచిమాటకు నేను సంతోషించేలోపే ముగ్గురూ ఆయన్ను చుట్టుముట్టారు. కట్టు ఇన్ని చుట్లేనా, ఆ మందు పాతపద్ధతి కాదా, రెండో కాలు ఎందుకు చూడలేదు? ఆయన సంచీ మూసి, “ఇంతమంది డాక్టర్లుండగా నన్నెందుకు పిలిచారమ్మా?” అని వెళ్లిపోయారు.

నేను ఒంటికాలి మీద లేచాను. “ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో గుర్రం ఊసెత్తినవాళ్లకి అన్నం పెట్టను. చెప్పేశాను! ఎవరి గదుల్లో వాళ్లుండండి. నా మానాన నన్ను వదిలేయండి.”

టీచరమ్మ మూతి ముడుచుకుంది. గార్డు గారు తన కుర్చీ తానే మోసుకుని మేడెక్కారు, నడుం నొప్పి గుర్తు రాలేదు. ఆ పూట భోజనాల దగ్గర గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఉప్పు సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. నాకు ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ హాయి పొద్దున కొట్టం తలుపు తీసేదాకానే. గుర్రం మెడంతా చెమట. కట్టు జారి డెక్క మీద పడి ఉంది. దెబ్బకాలితో నేలను గీరుతోంది, తాడు బిగదీసుకుని వెనక్కి తిరిగి చూస్తోంది, మళ్లీ గీరుతోంది. గడ్డి ముట్టలేదు. నీళ్లు పెట్టాను, మెడ రాశాను, బతిమాలాను, తిట్టాను. నేను చూస్తుండగానే ఆ కాలు ఒకసారి మెలికపడింది.

తలుపు బిగించి ఆసుపత్రికి పరిగెత్తాను. మా ఆయన అంతా విన్నారు.

“దాంతో మాట్లాడుతున్నావా?”

“గుర్రంతో నాకేం మాటలుంటాయండీ?”

“అదేనే మరి. నేనెప్పుడూ కొరడా పట్టలేదు, కళ్లెం లాగలేదు. నా నోరే దానికి కళ్లెం. నేనో నిమిషం ఊరుకున్నానంటే ఆగిపోయి వెనక్కి చూస్తుంది. పడిపోయాననుకుంటుంది.”

“ఇన్నాళ్లూ మరి కుదురుగానే ఉందిగా?”

“ఇన్నాళ్లూ దాని దగ్గరెవరైనా మాట్లాడుతున్నారా?”

మూడు కుర్చీలు నా కళ్లముందు మెదిలాయి.

దారిపొడుగునా అనుకున్నాను, నేనే మాట్లాడతానని. కొట్టంలో నిలబడి, “ఇవాళ ఎండగా ఉంది” అన్నాను. చెవులు రిక్కించింది. “నిన్న కూడా ఎండగానే ఉంది” అన్నాను. ఆ తర్వాత నాకు మాట దొరకలేదు. నాకు తిట్టడం వచ్చు, కబుర్లు రావు. గుర్రం మళ్లీ గీరడం మొదలుపెట్టింది.

మేడ మెట్లెక్కాను. క్షమించమనడం నా నోటికి అలవాటు లేని పని. గార్డు గారి గుమ్మం దగ్గర నిలబడి, “గార్డు గారూ, కట్టు కిందనుంచి పైకి చుట్టాలా, పైనుంచి కిందికా?” అన్నాను.

ఆయన పేపరు దించలేదు. “నాకేం తెలుసమ్మా” అన్నారు.

ఆ మాట ఆయన నోట వింటానని కలలో కూడా అనుకోలేదు. భయమేసింది. “అన్నం పెట్టననడం తప్పేనండీ” అన్నాను. “పొద్దున కాలు మెలికపడింది. అది పోతే ఆయనకి నా మొహం చూపించలేను.”

పక్కగదిలోంచి టీచరమ్మ గొంతు వచ్చింది. “కిందనుంచి పైకి. అది కూడా తెలీదా?”

“ఎవరన్నారు?” ఏజెంటు గారి తలుపు తెరుచుకుంది.

“ఇద్దరూ ఆగండి. నేను చెప్తాను” అంటూ గార్డు గారు పేపరు మడిచారు.

కుర్చీలు కిందికి దిగాయి. వాదన పాకాన పడేసరికి గుర్రం గీరడం మానేసింది. ఎవరు మాట్లాడితే అటు ఒక చెవి తిప్పింది. కాసేపటికి తల వాలింది, కింది పెదవి వదులైంది, మంచి కాళ్ల మీద బరువేసి కునుకు తీసింది. ఆ పెదవిని చూస్తూ గడ్డి మీద కూర్చుండిపోయాను. నాకు ఏడుపొచ్చింది. టీచరమ్మ చూసి, కళ్లు అలా రుద్దుకోకూడదంది.

అసలు సంగతి వాళ్లకు చెప్పలేదు. మాట్లాడమంటే మాట్లాడే రకం కాదు వాళ్లు, తప్పు దిద్దమంటేనే నోరు తెరుస్తారు. అందుకని పొద్దున కాఫీతో ఒక తప్పు, సాయంత్రం కాఫీతో ఒక తప్పు వాళ్ల ముందు పెట్టేదాన్ని. బాల్చీ కావాలనే ఎడంవైపు పెట్టేదాన్ని. గుర్రాలు కూడా ఆవుల్లా నెమరేస్తాయట కదా అనేదాన్ని. ఒకరోజు ముగ్గురూ, కొట్టానికి ఇంకో కిటికీ ఉంటే బాగుండునని ఒకే మాట మీదికొచ్చి ఊరుకున్నారు. గుర్రం కళ్లు తెరిచింది. “ఆ కిటికీ తూర్పుకా, పడమరకా?” అన్నాను గబగబా. భోజనాల వేళ దాకా ఇక ఢోకా లేకపోయింది.

రెండు నెలలు గడిచాక డాక్టరు వచ్చి కట్టు విప్పి, నరం అతుక్కుందన్నారు. రేపటి నుంచి నాలుగడుగులు నడిపించమన్నారు. ఎవరి సలహా పనిచేసిందో ఆ ముగ్గురికీ వేర్వేరుగా తెలుసు.

మర్నాడు మా ఆయన కర్రల సాయంతో ఇంటికొచ్చారు. లోపలికి కూడా రాకుండా నేరుగా కొట్టం దగ్గరికి నడిచారు. ముగ్గురూ లేచి తప్పుకున్నారు. ఆయన గుర్రం ముందు నిలబడి నోరు తెరిచారు. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించారు. గడ్డం వణికింది, అంతే. నేనెరిగిన ఇన్నేళ్లలో ఆయన నోరు అలా మూగపోవడం అదే మొదటిసారి. ఆ మొహం చూసి గార్డు గారితో సహా అందరూ ఊరుకున్నారు.

గుర్రం ఆయన్ను వాసన చూసింది. చెవులు అటూ ఇటూ తిప్పింది. ఎవరూ పలకలేదు. అది బెదిరి దెబ్బకాలు పైకెత్తింది.

నేను వెళ్లి దాని మెడ పట్టుకున్నాను. “ఉన్నారయ్యా, ఎక్కడికీ పోలేదు, ఇదిగో, ఏడుస్తున్నారంతే. నీకొక్కడికే అనుకున్నావా? ఆ మనిషి గొంతు వినపడక ఈ ఇంట్లో నేనెట్లా తిరిగానో నీకేం తెలుసు? ఆయనున్నన్నాళ్లూ నోరుముయ్యమన్నాను. లేనప్పుడు అన్నం సయించలేదు. బియ్యం డబ్బా తెరిచి ఎందుకు తెరిచానో మర్చిపోయేదాన్ని. ఆసుపత్రి మంచం మీంచి ఆయన నీ సంగతి అడిగినప్పుడు కోపమొచ్చిందా, అది కోపం కాదయ్యా, మాట వినపడిందని, బతికున్నారని...”

మా ఆయన నన్నే చూస్తున్నారు. వెనక కుర్చీల దగ్గర ఎవరూ నన్ను దిద్దలేదు. గుర్రం నెమ్మదిగా కాలు నేలకు ఆనించింది. నేను తాడు పట్టుకుని, మాట ఆపకుండా, దాన్ని బయటికి నడిపించాను.