నాలుగో బావి

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అక్క అంటుంది. ఆ ముక్కు మీద మిగిలింది కోపం ఒక్కటే. మూతపడిన పెట్రోలు బంకుల కింద నీళ్లు తోడడం నా ఉద్యోగం. పదిహేనేళ్లుగా తోడి తోడి, పెట్రోలు వాసన తెలియడం ఎప్పుడో మానేసింది. ఈ సంగతి మా ఇంజనీరుకి చెప్పలేదు. సీసాల్లో నీళ్లు పట్టి ల్యాబుకి పంపడానికి ముక్కుతో ఏం పనిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మా అక్క వాళ్ల పెరటిగోడకి అవతల ఉన్నదీ అలాంటి బంకే. మూసేసి ఆరేళ్లయింది. భూమిలోని ట్యాంకుల్ని పెకలించి తీస్తే అడుగున తుప్పు చిల్లులు కనిపించాయి. ఎన్నాళ్లు కారిందో, ఎంత కారిందో దేవుడికే తెలియాలి. కారింది ఎటు పోతోందో కనిపెట్టడానికి నాలుగు పరీక్ష బావులు వేశారు. బావులంటే పెద్దవేం కావు, పిడికిలి పట్టేంత గొట్టాలు, పైన ఇనుప మూతలు. నేల రోడ్డు వైపు వాలి ఉంది కాబట్టి మూడు బావులు రోడ్డు పక్కన వేశారు. నాలుగోది ఎత్తున, సరిగ్గా అక్క వాళ్ల గోడ దగ్గర. "అటు నీళ్లు ఎక్కవు. దాన్ని ఏడాదికోసారి చూస్తే చాలు," అన్నాడు ఇంజనీరు. నేనూ గంగిరెద్దులా తలూపాను. దానిలో ఎప్పుడు పట్టి పంపినా ల్యాబు నుంచి ఒకటే జవాబు: ఏమీ లేదు.

ఆ జవాబు మీద నాకెంత నమ్మకమంటే, నిరుడు అక్కా బావా బోరు వేయించుకుంటుంటే నేనే వెళ్లి చోటు చూపించాను.

"ఈ గోడ పక్కనే వేయించండి బావా. అవతల మా నాలుగో బావి ఉంది. అద్దంలా ఉంటాయి నీళ్లు, నిక్షేపంగా తాగొచ్చు."

"బంకుకి మరీ దగ్గరేమో కదమ్మా," అని బావ నసిగాడు.

"పదిహేనేళ్లుగా ఇదే పని చేస్తున్నా. నాకు తెలియదా?" అని కస్సుమన్నాను. పాపం, ఆయన సరేనని అక్కడే గుర్తు పెట్టించాడు. బోరు పడింది. అటూ ఇటూ ఉన్న రెండిళ్లకి కూడా నీళ్లిచ్చారు. మోటారు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంది.

మూడు నెలల కిందట అక్కడ భోజనం చేస్తుంటే, అక్క కూతురు గ్లాసు వాసన చూసి "నీళ్లలో పిన్ని వాసన వస్తోంది" అంది. ఏడేళ్ల పిల్ల. అందరం పడీపడీ నవ్వాం. బావకి సందు దొరికింది. "మీ పిన్ని ఒక్కతే రాదమ్మా, బంకుని కూడా వెంటేసుకొస్తుంది!" నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి పనిబట్టలూ బూట్లూ వ్యానులోనే వదిలేసి, చేతులు మోచేతుల దాకా తోముకుంటే గానీ వాళ్ల గడప తొక్కలేదు.

ఇవాళ బంకుకి పోకముందే, తలంటుకుని, ఉతికిన బట్టలతో తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. పాప స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"పిన్నీ, ఇవాళ నీ వాసన ఇంకా ఎక్కువుంది."

"నా దగ్గరా?"

"కాదు, నీళ్లలో."

"నేను ఇప్పుడేగా వచ్చింది? ఇంకా బంకుకే వెళ్లలేదు."

"నిన్న కూడా వచ్చింది. మొన్న కూడా. నువ్వు రాకపోయినా రోజూ వస్తుంది పిన్నీ."

"మేడ మీది కొత్త నీళ్ల ట్యాంకు ప్లాస్టిక్కు వాసనే అది," అంది అక్క వంటింట్లోంచి. "దానికి అన్నిటికీ పిన్నే!"

అక్క కలిపిన టీ అక్కడే వదిలేసి వీధి తిరిగి బంకులోకి పోయాను. డ్రైవర్ బాబాయ్ వ్యానులోంచి సామాను దించుతున్నాడు.

"ముందు నాలుగోది తెరువు బాబాయ్."

"దానికింకా అయిదు నెలలుంది కదమ్మా?"

"తెరవమంటున్నానా!"

గొట్టంలోకి టేపు వదిలాను. కొసకి నీళ్లు తగిలితే అది కీచుమంటుంది. ఎప్పుడూ కీచుమనే చోట ఇవాళ చప్పుడు లేదు. ఇంకా దించాను. ఇంకో నిలువు దిగాక అరిచింది. గోడ అవతల మోటారు హోరుమంటోంది. నేల ఎటు వాలితేనేం, మోటారు లాగిన వైపే నీళ్లు పోతాయి. రోడ్డు వైపు పోవలసిన విషమంతా వెనక్కి తిరిగి అక్క ఇంటి దారి పట్టింది. పట్టించింది నేను.

నీళ్లు పట్టే పారదర్శకపు గొట్టాన్ని దించి పైకి లాగాను. నీళ్ల మీద బియ్యపుగింజ మందాన పసుప్పచ్చటి పొర తేలుతోంది. బాబాయ్ ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"గుప్పుమంటోంది అమ్మాయ్! నీకు తెలియట్లేదూ?"

మొహం దాని మీదికి వంచి పీల్చాను. నాకు వట్టి నీళ్లే.

మూత కూడా పెట్టకుండా పరుగెత్తాను. అక్క ఇంట్లోకి పోతూనే మోటారు ఆపేశాను.

"అదేమిటే, పక్కవాళ్లకింకా నిండలేదు!" అని అక్క కేకేసింది.

"ఎవరూ తాగొద్దు. స్నానాలు కూడా వద్దు. పక్కవాళ్లకీ చెప్పు. బంకులో కారిందంతా మీ బోరులోకి వస్తోందక్కా."

అక్క గోడ వైపు చూసింది. బోరు వైపు చూసింది.

"అక్కడ వేయించమంది నువ్వే కదే," అంది మెల్లగా. చెంప పగలగొట్టినా బాగుండేది.

"నేనేనక్కా."

పాప బడి బట్టలతో గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గ్లాసు.

"ఎన్ని తాగావమ్మా?"

"రెండు. రోజూ రెండు తాగుతా. అమ్మ ఇచ్చేది ఒకటే. రెండోది నేనే పట్టుకుంటా."

"ఎందుకు?"

"నీ వాసన వస్తుందిగా," అంది. "నువ్వు పక్కనున్నట్టే ఉంటుంది."

దాన్ని దగ్గరికి లాక్కుని ఆ తడి జుట్టులో మొహం పెట్టాను. గట్టిగా పీల్చాను. మళ్లీ పీల్చాను. నాకు ఏ వాసనా రాలేదు.