నాలుగో అంతస్తులోపు

తలుపు లాగడానికి ఆమె చెయ్యి చాచింది. లాగడానికి అక్కడ తలుపు లేదు. కిందటి వారమే లిఫ్టుకున్న పాత ఇనుప జాలీ పీకేసి, తమంతట తామే మూసుకునే స్టీలు రేకులు రెండు బిగించారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు వారం రోజుల్లో వదలదు కదా. చెయ్యి కాసేపు గాలిని లాగింది, తలుపులు వాటి మానాన అవి మూసుకున్నాయి, లిఫ్టులో ఉన్న నలుగురూ చూడనట్టు నటించారు.

"రెండు" అన్నాడు ఫైళ్ళు మోస్తున్నతను. రెండు నొక్కింది. "పైకి" అన్నాడు ఎవరో కొత్తాయన. నొక్కలేదు. ఎక్కడికని అడగడం ఆమె పద్ధతి కాదు, ఊరికే చూస్తుంది. ఆ చూపు పడగానే ఆయన గబగబా జేబులోంచి కాగితం తీసి, "నాలుగండీ. నీళ్ళ పన్ను. ఎక్కువ వేశారు" అని అన్నీ అప్పజెప్పాడు. ఇంకొంచెంసేపు చూసి ఉంటే పుట్టినతేదీ కూడా చెప్పేవాడే.

ఆ మొహం అలాంటిది. మనిషి పొట్టి, బొద్దు. జుట్టు వెనక్కి బిగించి ముడివేసుకోవడంతో కనుబొమలు కాస్త పైకి లేచి, ఎదుటివాళ్ళు చెప్పేది ఒక్క ముక్కా నమ్మనట్టు కనిపిస్తుంది. కింద కాక నాలుగంతస్తులున్న ఆ ఆఫీసు భవనంలో అందరూ ఆమెను లిఫ్టక్క అంటారు, ఆమె కంటే పెద్దవాడైన క్యాంటీన్ వంటాయనతో సహా. లిఫ్టక్క నవ్వగా చూసినవాళ్ళు ఆ భవనంలో లేరు. ఇవాళ్టితో ఆమె ఉద్యోగం అయిపోతుంది. ఆమె స్టూలు మీద ఇంకెవరూ కూర్చోరు, రేపటి నుంచి ఎవరి మీట వాళ్ళే నొక్కుకోవాలి.

కానీ ఆమె ధ్యాస ఉద్యోగం మీద లేదు. లిఫ్టు వెనక గోడ మీద రెండు కాగితాలు కలిపి అతికించిన నాలుగు గడుల బొమ్మ మీద ఉంది. మీటల పక్కనున్న మెరుపు రేకులో ఎక్కినవాళ్ళ మొహాలు కనిపిస్తాయి. ఆ మొహాల్లో ఒక్కటైనా నవ్వుతుందేమోనని పొద్దున్నుంచి చూస్తోంది.

ఆ గోడ మీద మొదటి బొమ్మ పడి తొమ్మిదేళ్ళయింది. అధికారి సీట్లో లేనప్పుడు మాత్రమే తిరిగే ఫ్యాను గురించి రికార్డు రూము గుమాస్తా నాలుగు గడులు గీసి, ఎవరూ చూడకుండా అతికించాడు. లిఫ్టక్క చూసింది. గోరుతో పీకబోయింది కూడా. ఇంతలో చంకలో పిల్లతో ఎక్కిన ఒకామె రెండో అంతస్తు దాటుతుండగా కిసుక్కున నవ్వింది. పైకప్పు వంక తప్ప ఇంకెటూ చూడని జనాన్ని అన్నేళ్ళు మోసిన లిఫ్టక్కకి అది వింతగా తోచింది. గోరు వెనక్కి తీసుకుంది.

తర్వాత గుమాస్తాకి ధైర్యం వచ్చింది. ఆదివారాలు క్యాంటీన్‌లో బల్లలు జరిపి, వచ్చినవాళ్ళందరికీ నేర్పడం మొదలుపెట్టాడు. గుండ్రం గీయడం వస్తే మనిషి వచ్చినట్టే, ఎవరి గోడు వాళ్ళే గీసుకోవాలి, అంతే అనేవాడు. టీ తాగి గ్లాసులు పూలకుండీల్లో వదిలేసేవాళ్ళ మీద వంటాయన గీశాడు, వారం తిరక్కుండా కుండీల్లో మొక్కలు మాత్రమే మిగిలాయి. ఆడవాళ్ళ మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదని టైపిస్టు గీసింది. మూడేళ్ళ అర్జీలకి రాని గడియ ఆ బొమ్మకి ఎనిమిది రోజుల్లో వచ్చింది. దాంతో ఆ సంగతి ఊరంతా పాకింది. ఆసుపత్రి ఆయాలు, బస్సు డిపో మెకానిక్కులు, లాండ్రీలో ఇస్త్రీ చేసేవాళ్ళు, కూరగాయల మార్కెట్లో బరువులు మోసేవాళ్ళు ఆదివారాలు రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు పదకొండు చోట్ల గోడలున్నాయి, బొమ్మలు గీసేవాళ్ళ సంఘం ఒకటి ఏర్పడి అందులో అరవై ముగ్గురున్నారు.

ఏ బొమ్మయినా ముందు లిఫ్టులో పడాలి. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఉంచి, జనం ఏ అంతస్తులో నవ్వారో లిఫ్టక్క చెబుతుంది. రెండులో నవ్వితే అద్భుతం. మూడు ఫర్వాలేదు. నాలుగంటే మళ్ళీ గీయాలి. లిఫ్టు దిగాక నవ్వితే లెక్కలోకే రాదు. "దిగాక అర్థమయ్యేదానికి లిఫ్టెందుకు, ఉత్తరం రాసుకోండి" అనేది ఆమె. ఒకటే అంతస్తున్న లాండ్రీలో కూడా "నాది రెండో అంతస్తు తెలుసా" అని గొప్పలు పోయేవాళ్ళున్నారు. ఆమె "దిగాక" అన్న ఒక్క మాటకి మార్కెట్ మనిషి ఒకడు రెండు రోజులు అన్నం తినలేదు.

ఇంత చేసినా ఆమె సంఘంలో సభ్యురాలు కాదు. సభ్యులు కావాలంటే ఒక్క బొమ్మయినా గీసి ఉండాలి. గుమాస్తా ఎన్నిసార్లు పెన్సిలు చేతిలో పెట్టినా, నాకు రాదు పో అనేది.

ఇవాళ్టి బొమ్మ ఆమెదే. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు.

మొదటి గడిలో పొట్ట ఉన్న గుండ్రం ఒకటి నిలబడి జోకు చెబుతుంది: ఎవరో బస్సెక్కి నన్ను సీటిమ్మన్నాడు. నేను డ్రైవర్నండీ అంటే, అయితే నిలబడి నడపండి అన్నాడు. రెండో గడిలో ఆ పొట్ట గుండ్రం ఒక్కటే విరగబడి నవ్వుతుంది, ముడి ఉన్న గుండ్రం కూర కలుపుతూ ఉలకదు, పలకదు. మూడో గడిలో పొట్ట గుండ్రం వాకిలి దాటి వెళుతుంది, తలుపు పడుతుంది. నాలుగో గడిలో ముడి గుండ్రం పొయ్యి గట్టు పట్టుకుని, గరిటె కింద పడేసి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతుంది.

పొట్ట గుండ్రం ఆమె భర్త. బస్సు డ్రైవరుగా చేసి రెండేళ్ళ కిందట మానేశాడు. పెళ్ళయిన ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన జోకు చెప్పని రోజు లేదు, ఆమె ఆయన ముందు నవ్విన రోజూ లేదు. పెళ్ళయిన కొత్తలోనే ఆమెకి ఒక సంగతి అర్థమైంది. ఈ మనిషి నవ్వకపోతేనే రోజుకి పది చెబుతున్నాడు, నవ్వితే ఇంక పొయ్యి వెలిగించనివ్వడు. అందుకని పళ్ళు బిగబట్టుకుని, ఆయన బయటికి వెళ్ళాక తలుపు వేసుకుని నవ్వుకునేది. చెప్పింది విని నవ్వకుండా ఉండడమనే కష్టమైన విద్య అలా అబ్బింది. ఆఫీసులో అందరూ భయపడే ఆ మొహం నిజానికి ఇంట్లో తయారైంది.

అయితే రెండు నెలలుగా ఆయన జోకులు మానేశాడు. జ్వరం లేదు, కోపం లేదు. కూరలేమైనా తేవాలా అని అడుగుతాడు, తెస్తాడు, కిటికీ దగ్గర కూర్చుంటాడు. ఒంట్లో ఎలా ఉందంటే బాగానే ఉందంటాడు. ముప్ఫై నాలుగేళ్ళు గోడకి చెప్పుకున్న మనిషి ఎప్పుడో ఒకప్పుడు అలిసిపోతాడు. ఆ గోడ తనే. ఆ మాట తట్టిన రోజు ఆమెకి భయం వేసింది, సిగ్గు కూడా వేసింది. రేపటి నుంచి ఆ రెండు గదుల ఇంట్లో ఇద్దరూ ఎదురుబొదురు కూర్చోవాలి. నోటితో చెబుదామంటే ఇన్నేళ్ళ దొంగతనం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి ఒప్పుకోవాలో తెలియలేదు. గీసింది. ఎన్నో కాగితాలు పాడుచేసి గీసింది. లిఫ్టులో పెట్టి చూద్దాం, జనం నాలుగో అంతస్తులోపు నవ్వితే ఇంటికి తీసుకెళ్ళి ఆయనకి చూపిద్దాం అనుకుంది. నవ్వకపోతే చింపేద్దామనుకుంది. అందరికీ పెట్టిన పరీక్ష తను మాత్రం ఎలా తప్పించుకుంటుంది?

జనం చూశారు. మెల్లగా, శ్రద్ధగా చదివారు. ఒక్కరూ నవ్వలేదు.

నీళ్ళ పన్నాయన నాలుగో గడి దగ్గర నిట్టూర్చాడు. ఒక అధికారిణి "పాపం" అంది. రెండో అంతస్తుకి వెళ్ళాల్సిన ముసలాయన మూడు దాకా వచ్చి, "ఆడవాళ్ళ కష్టాలు ఎప్పటికీ తీరవమ్మా" అని లిఫ్టక్కని ఓదార్చి మెట్ల మీదుగా దిగిపోయాడు. ఏం జరుగుతోందో ఆమెకి అప్పటికి తెలిసింది. నవ్వు గీయబోతే ఏడుపు వచ్చింది. నోరు అటూ ఇటూ జారిపోయింది, దాని మీద ధారగా కన్నీళ్ళు ఒకటి. దిద్దుదామంటే లిఫ్టు ఖాళీ అయితేగా.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో గుమాస్తా, టైపిస్టు, వంటాయన ముగ్గురూ ఆమె చుట్టూ చేరారు.

"ఇవాళ్టిది ఎవరిదక్కా? నాకు ఇవ్వకుండా నేరుగా లిఫ్టులోకి ఎలా వచ్చింది?" అన్నాడు గుమాస్తా.

"పొద్దున్న నేనొచ్చేసరికే ఉంది."

"కూర మాడినట్టుంది, అందుకే ఏడుస్తోంది ఆవిడ" అన్నాడు వంటాయన. ఆయన ఏ బొమ్మలోనైనా ముందు గిన్నె చూస్తాడు.

"కాదు బాబాయ్, మొగుడు వదిలేసి వెళ్ళిపోయాడు. మూడో గడిలో తలుపు పడింది కదా" అంది టైపిస్టు.

లిఫ్టక్క మజ్జిగ గ్లాసులోకి చూస్తూ, "నవ్వుతోందేమో" అంది.

ముగ్గురూ ఆమె వంక చూశారు.

"నవ్వితే కన్నీళ్ళెందుకొస్తాయక్కా?"

"నవ్వినా వస్తాయి."

నీకెలా తెలుసని అడిగే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేదు. గుమాస్తా గొంతు సవరించుకుని, "ఎంతక్కా?" అన్నాడు.

"ఎవరూ నవ్వలేదు" అంది ఆమె. తొమ్మిదేళ్ళుగా ఇతరులకి చెప్పిన గొంతుతోనే చెప్పింది. కానీ మార్కెట్ మనిషి రెండు రోజులు అన్నం ఎందుకు మానేశాడో ఇవాళ తెలిసొచ్చింది.

"అయితే పీకెయ్యాలిగా. టైమయింది."

"చూద్దాంలే" అంది లిఫ్టక్క. చూద్దాం అనే మాట ఆమెకి వచ్చని కూడా వాళ్ళకి అంతవరకు తెలియదు.

నాలుగింటికి పెద్ద గదిలో వీడ్కోలు సభ పెట్టారు. లిఫ్టక్క వల్ల ఈ భవనం ఎంతో ఎత్తుకి ఎదిగిందని అధికారి అన్నాడు. భవనం ముప్ఫై ఏళ్ళుగా అదే ఎత్తులో ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆమె నమస్కారం పెట్టి, నావి రెండు సామాన్లున్నాయని చెప్పి లిఫ్టులోకి వచ్చేసింది.

బొమ్మ ముందు నిలబడింది. ఎవరూ నవ్వలేదు కాబట్టి చింపేయాలి. గోరు పెట్టి ఒక మూల లేపింది.

"ఇదేనా నీ లిఫ్టు?"

భర్త తలుపుల మధ్య నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళూ గేటు దగ్గరే ఆగే మనిషి ఇవాళ సామాను మోయడానికని సంచి పట్టుకుని లోపలికి వచ్చేశాడు. ఆమె చటుక్కున బొమ్మకి అడ్డం నిలబడింది. ఆయన ఎక్కాడు. తలుపులు మూసుకున్నాయి.

"ఎక్కడిదాకా?" అంది. ఆ ప్రశ్న ఆమె నోట రావడం అదే మొదటిసారి.

"పైదాకా తిప్పు. వెనకాల ఏమిటది?"

పక్కకి జరగక తప్పలేదు. ఆయన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఆమె నాలుగు నొక్కి మీటల వంకే చూస్తూ నిలబడింది. మెరుపు రేకులోకి చూసే ధైర్యం లేకపోయింది. ఒకటి దాటింది, రెండు దాటింది. "ఈ జోకు నాదే" అన్నాడాయన. మూడు దాటింది. నాలుగులో తలుపులు తెరుచుకున్నాయి, ఎవరూ లేరు, మూసుకున్నాయి. ఆమె కిందికి నొక్కింది.

"ఈవిడ ఏడవట్లేదుగా" అన్నాడు.

పొద్దున్నుంచి ఎంతమంది చూశారో లెక్కలేదు. ఈ ఒక్క మనిషికే అర్థమైంది.

"లేదు."

"నవ్వుతున్నావు."

"ఊ."

"ఎప్పట్నుంచి?"

"ఈ సీటు జోకు పెళ్ళయిన మూడో రోజు చెప్పారుగా. అప్పట్నుంచి."

ఆయన కళ్ళజోడు తీసి స్టూలు మీద పెట్టి, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "నా ముందు నవ్వితే ఏం పోయేది?"

"నవ్వితే ఇంకోటి చెబుతారు."

ఆయన కాసేపు ఆలోచించాడు. న్యాయం తెలిసిన మనిషి. "చెబుతాను" అని ఒప్పుకున్నాడు.

కింద తలుపులు తెరుచుకునేసరికి గుమాస్తా, టైపిస్టు, వంటాయన ఎదురుగా ఉన్నారు. భర్త పెదాలు గట్టిగా బిగబట్టుకుని, వాళ్ళకి తల మాత్రం ఊపి, "నీళ్ళు తాగొస్తా" అని గొణిగి మెట్ల వెనక్కి తిరిగిపోయాడు. మరుక్షణం మెట్ల వెనక నుంచి నవ్వు వినిపించింది. గోడ మీద అరచేత్తో కొడుతూ, దగ్గుతూ, ఆగి మళ్ళీ మొదలెడుతూ, రెండు నెలల బాకీ అంతా ఒక్కసారి నవ్వుతున్నాడు.

గుమాస్తా మెట్ల వైపు చూశాడు. గోడ మీది బొమ్మలో పొట్ట చూశాడు. లిఫ్టక్క ముడి చూశాడు.

"అక్కా" అన్నాడు మెల్లగా, "ఎంత?"

"దిగాక" అంది ఆమె. "లెక్కలోకి రాదు."

అక్కడితో ఆమె పళ్ళ బిగువు సడలింది. భుజాలు కదిలాయి, ఒక చెయ్యి లిఫ్టు అంచుని పట్టుకుంది, నోరు అటూ ఇటూ జారిపోయింది, కళ్ళనీళ్ళు ధారగా కారాయి. ముగ్గురూ హడలిపోయారు. ఆమె నవ్వుతోందని తెలుసుకోవడానికి వాళ్ళకి కాస్త సమయం పట్టింది.

వంటాయన బొమ్మ వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూసి, "తప్పేం లేదమ్మా" అన్నాడు. "ఉన్నదున్నట్టు గీశావు."

గుమాస్తా బొమ్మ మూలని మళ్ళీ గోడకి నొక్కి అతికించాడు. జేబులోంచి సంఘం పుస్తకం తీసి అరవై నాలుగో సభ్యురాలిని రాసుకున్నాడు. నవ్వాగి తిరిగొచ్చిన భర్త సామాను సంచి భుజానికి తగిలించుకున్నాడు. ముగ్గురూ చూస్తుండగా మొగుడూ పెళ్ళాం ఎండలోకి నడిచారు.

"ఇంకోటి చెప్పనా?" అంటున్నాడాయన.

"గేటు దాటాక" అంటోంది ఆమె.

మూడో అంతస్తులో ఎవరో మీట నొక్కారు. కింద లిఫ్టు తలుపులు వాటంతట అవే మూసుకున్నాయి. ఒక కాడకి దారం చుట్టిన పాత కళ్ళజోడు, స్టూలు మీద వెల్లకిలా, ఒక్కటే పైకి బయలుదేరింది.