ఏనుగుబండ దగ్గరి తాడు

నేను ఒక లంగరు తాడుని. బొటనవేలంత లావు, నలభై బారల పొడవు. నన్ను పేనిన యంత్రానికి నా మీద ప్రేమా లేదు, పగా లేదు. గట్టిగా పేనింది, అంతే. సముద్రంలో ఇంజను ఆగిపోతే పడవ రాళ్ళ మీదికి కొట్టుకుపోకుండా పట్టుకోవడం నా పని. ఆ పని నాకు వచ్చు.

నన్ను కొన్నవాడు గవ్వలపేట రేవులో వేటకెళ్ళే లచ్చయ్య. కొన్న రోజే భార్య పెంటమ్మ నాకు పసుపు రాసి పడవెక్కించింది.

మా రేవు పక్కనే ఏనుగుబండ. నాచుపట్టిన నున్నటి రాయి. ఆదివారం వస్తే పట్నం నుంచి బళ్ళు దిగుతాయి. అలకి వీపు పెట్టి నిలబడి, అది మీద విరుచుకు పడుతుంటే ఫొటో దిగాలి. అదీ మగతనమట! కడుపు నిండినవాడు భయాన్ని కూడా వెతుక్కుంటూ వస్తాడు కాబోలు. మా లచ్చయ్యకి అది రోజూ పొద్దున్నే పడవలోనే దొరికేది, ఫొటో తీసేవాడే లేడు.

మొదటిసారి అల ఈడ్చుకుపోయిన ఒకణ్ణి లచ్చయ్య నాతోనే లాగాడు. ఉప్పునీళ్ళు కక్కి కళ్ళు తెరిచి వాడన్న మొదటి మాట, "నా ఫోనేదీ?"

"చేపలు మాటాడుకుంటన్నాయి బాబూ, అయ్యాక ఇస్తాయి," అన్నాడు లచ్చయ్య. ఒడ్డంతా నవ్వింది. నేనూ నవ్వేదాన్నే, నోరుంటే.

రెండోసారి నవ్వులేదు. పందెం కట్టి ఇద్దరు నిలబడ్డారు. ఒకే అల ఇద్దర్నీ ఎత్తుకెళ్ళింది. లచ్చయ్య నన్ను నడుముకి కట్టుకుని దూకాడు. చేతికి వెండి కడియం ఉన్నవాడు బతికాడు. రెండోవాణ్ణి నాతో చుట్టి లాగేసరికి వాడు శవం.

మా రేవులో ఒక పట్టింపు ఉంది. శవాన్ని లాగిన తాడు మళ్ళీ పడవెక్కకూడదు. పోయినవాడు పట్నం కుర్రాడు, మైల నాకంటింది!

"తాడుకేటి తెలుస్తాదే, కొత్తది," అన్నాడు లచ్చయ్య.

"నువ్వెన్ని చెప్పినా అది పడవెక్కదు మావా. నా మాటిను," అంది పెంటమ్మ. మొగుడు బతకాలనే అంది. ఆవిణ్ణి నేను తప్పు పట్టను. లచ్చయ్య నన్ను ఇంటి చూరుకి వేలాడదీసి, రెండు ముళ్ళేసిన పాత తాడు పట్టుకుపోయాడు.

పన్నెండో రోజు మధ్యాహ్నం, గాలి లేచిన వేళ, రేవు కనిపించే దూరంలో ఇంజను ఆగింది. లంగరు వేశాడు. నేనుండాల్సిన చోట ఆ ముసలి తాడు రెండు అలలకి ఆగింది, మూడో అలకి తెగింది. పడవ వెళ్ళి ఏనుగుబండకే కొట్టుకుంది. చూరు నుంచి నాకు అంతా కనిపించింది, లచ్చయ్య మునిగిపోవడం కూడా. లచ్చయ్య పేరు పేపర్లో రాలేదు. ప్రమాదాన్ని సరదాకి వెతుక్కున్నవాడికి రెండు కాలమ్‌ల వార్త, పొట్టకోసం వెళ్ళినవాడికి అదీ లేదు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

తరవాత పంచాయతీవాళ్ళు నన్ను తీసుకుపోయి ఏనుగుబండకి అడ్డంగా కట్టారు. ఎర్రగుడ్డ ఒకటి తగిలించారు. నా ఉద్యోగం ఇప్పుడిదే: అందరూ దాటుకుపోతుంటే పడి ఉండడం. పెంటమ్మ పక్కనే ఎండుచేపలు అమ్ముతుంది.

మొన్న ఆదివారం వెండి కడియం వాడు మళ్ళీ వచ్చాడు, కొత్త స్నేహితులతో.

"ఇక్కడేరా నేను చావుతో ఆడుకుంది!"

పెంటమ్మ లేచింది. "ఆ తాడు దాటకు బాబూ."

"ఏం కాదు ఆంటీ, నాకీ రాయి అలవాటే."

పెంటమ్మ చూపు ఆ కడియం మీదే ఆగిపోయింది. "ఎరుగుదును. ఈసారి లాగేవోడు లేడు," అంది మెల్లగా.

వాడికి అర్థం కాలేదు. నవ్వుతూ కాలెత్తి నన్ను దాటాడు. వాడి చెప్పుల ఇసుక నా మీద రాలింది. పెంటమ్మ వచ్చి నన్ను దులిపింది, సడలిన ముడి లాగి బిగించింది, వేళ్ళతో కొస దాకా తడిమి చూసింది.

నలభై బారల్లో ఒక్క పోగు కూడా తెగలేదు.